సుంకులమ్మ గోడకు బీట

సముద్రాల అవతల ఒక పెద్ద దేశం, ఎన్నో ఏళ్ల కిందట మానేసిన అణు పరీక్షలను మళ్లీ మొదలుపెట్టే ఆలోచనలో ఉన్నానని ఒకరోజు ప్రకటించింది. అది విని ఇంకో పెద్ద దేశం, తానైతే ఆలోచన కూడా లేకుండానే మొదలుపెట్టగలనని చెప్పింది. ఆ రెండు మాటలూ విని మా పొరుగుదేశం గొంతు సవరించుకుంది. ఇక మా దేశం ఊరుకుంటే మర్యాదగా ఉండదు.

మా దగ్గర బాంబులు లేవని కాదు. పాతతరం పెద్దలు చేసిపెట్టినవి గోదాముల్లో భద్రంగా ఉన్నాయి. ఏటా ఆయుధపూజ నాడు తలుపులు తీసి, బూజు దులిపి, కుంకుమబొట్లు పెట్టి మళ్లీ తాళాలు వేస్తూ వస్తున్నారు. అవి పేలతాయా పేలవా అన్న అనుమానం ఎవరికీ రాలేదు. పేలకుండా ఉంటే చాలని జనం అనుకుంటూ వచ్చారు. అయితే రాజధానిలో డాక్టర్ వరాహమూర్తి అనే పెద్దమనిషి పేపర్లో ఒక వ్యాసం రాశాడు. పేలుతుందో లేదో తెలియని బాంబుకు ఎవడు భయపడతాడు, భయపడనివాడు శాంతిగా ఎందుకుంటాడు అని అందులో అడిగాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. కాబట్టి శాంతి కోసం ఒకసారి పేల్చి చూసుకోవాలని తేలింది. వ్యాసం రాసిన పాపానికి ఆయన్నే జాతీయ పునఃపరీక్షా మండలికి అధ్యక్షుణ్ణి చేశారు. ఆయన ఆ శిక్షను చిరునవ్వుతో భరించాడు.

పరీక్షకు మా మండలంలోని బూడిదకోనను ఎంపిక చేశారు. కారణం, అక్కడ మనుషులు లేరు. కోనకు ఇవతల ఎర్రబండ అనే ఊరుందని, దాన్నిండా మనుషులున్నారని మా తహసీల్దారు ఆదిశేషయ్య రాసి పంపాడు. "సదరు జనాభా ఉన్నమాట వాస్తవమే గానీ, పరిగణనలోకి తీసుకోదగినంత లేదు" అని జవాబు వచ్చింది.

ఆదిశేషయ్య మంచి మనిషి. పైనుంచి వచ్చిన కాగితాన్ని ఆయన ఎన్నడూ ఎదిరించలేదు. కింద నిలబడ్డ మనిషిని ఎన్నడూ కసరలేదు. ఈ రెండు గుణాలూ ఒక్కడిలోనే ఉంటే ఆ మనిషికి కడుపులో మంట ఖాయం. ఆయన జేబులో ఎప్పుడూ గ్యాస్ మాత్రలుండేవి.

పరీక్షకు ముందు ఆయనకు అప్పజెప్పిన పని ఎర్రబండలో గోడలు చూడడం. మాది పూర్తిగా నష్టరహిత పరీక్ష, దీనివల్ల ఎవరి గోడా పగలదు అని మండలి ముందే ప్రకటించేసింది. కానీ ఎర్రబండలో గోడలు ఎప్పుడో పగిలి ఉన్నాయి. అక్కడి మట్టి అలాంటిది, కట్టిన రెండేళ్లకే మూలన బీట లేస్తుంది. రేపు పరీక్షయ్యాక జనం పాత బీటలు చూపించి నష్టపరిహారం అడిగితే మండలి మాట ఏం కావాలి. అందుకని 'సున్నా పగుళ్ల వారోత్సవాలు' జరిపారు. ప్రభుత్వ ఖర్చుతో ఊళ్లో బీటలన్నీ సిమెంటుతో పూడ్చి, సున్నం కొట్టి, ఒక్కో ఇంటి ముందు యజమానిని నిలబెట్టి ఫొటో తీశారు. తమ ఇంట్లో బీట ఉందని ఎవరైనా అంటే వదంతులు వ్యాపింపజేసిన నేరం కింద కేసు పెడతామని మైకులో చెప్పారు. ఊరివాళ్లు సంతోషించారు. ఊరిగోడలకు సున్నం పడి చాలాకాలమైంది.

ఒక్క ఇంటికి మాత్రం సిమెంటు అవసరం పడలేదు. అది ఊరి మొదట్లో, కోన వైపు ముఖం పెట్టుకుని ఉన్న సుంకులమ్మ ఇల్లు. ఆమె మొగుడు బోరుబండి మీద ఊళ్లు పట్టి తిరుగుతుంటాడు, మూడు నెలలకో నాలుగు నెలలకో వచ్చి పోతాడు. ఆమె రెండు బర్రెలు పెట్టుకుని పాలు పోసి బతుకుతుంది. ఆ ఇల్లు ఆమె దగ్గరుండి కట్టించుకున్నది. పునాది బండ తగిలేదాకా తవ్వించి, నల్లరాతితో గోడలు లేపించింది. ఆదిశేషయ్య గోడ చుట్టూ తిరిగి చూసి, "ఇలాంటి ఇల్లు నాకూ లేదమ్మా" అన్నాడు. ఆమె నవ్వి మజ్జిగ ఇచ్చింది.

పరీక్ష రోజు వచ్చింది. వరాహమూర్తి గారు తలకు పాగా చుట్టుకుని, దూరాన నేల కింద కట్టిన గదిలో కూర్చుని మీట నొక్కారు. ఎర్రబండలో ఆ సమయానికి ఏం జరిగిందని తర్వాత నేను చాలామందిని అడిగాను. వేరుశనగ చేల గట్ల మీద ఉన్నవాళ్లు ఏమీ తెలియలేదన్నారు. ఇళ్లలో ఉన్నవాళ్లు కూడా ఏమీ తెలియలేదన్నారు. ఒక ముసలాయన మాత్రం తనకు కాళ్ల కింద ఏదో కదిలినట్టయిందన్నాడు గానీ, ఆయనకు అది రోజూ అవుతుంది.

సాయంత్రానికి మండలి ఘనవిజయం ప్రకటించింది. రాజధానిలో లడ్డూలు పంచారు. ఆ మర్నాడే విదేశాల్లో భూకంపాలు కొలిచే శాస్త్రవేత్తలు ఒక మాట అన్నారు. తమ యంత్రాల్లో ముల్లు కదిలింది నిజమేననీ, అయితే ఆ కదలిక రైల్వేస్టేషన్‌లో గూడ్సుబండి ఆగినప్పటి కంటే ఎక్కువ లేదనీ, బాంబు సగంలోనే తుస్సుమని ఉంటుందనీ అన్నారు. పొరుగుదేశం పేపర్లలో బొమ్మలేశారు. మా బాంబును తడిసిన చిచ్చుబుడ్డిగా వేశారు.

మండలి అత్యవసరంగా సమావేశమైంది. మన యంత్రాల లెక్కలు బయటపెట్టి వాళ్ల నోరు మూయిద్దామని ఒక సభ్యుడు అన్నాడట. అవి దేశరహస్యాలు, బయటపెట్టకూడదని ఇంకొకాయన గుర్తుచేశాడు. పైగా ఆ లెక్కలూ గూడ్సుబండినే చూపిస్తున్నాయి. రహస్యం కానిదీ, అందరికీ కనిపించేదీ, భూమి గట్టిగా కదిలిందని చెప్పేదీ ఒక సాక్ష్యం కావాలి. అప్పుడు వరాహమూర్తి గారు లేచి నిలబడి అన్నారట.

"గోడలున్నాయి గదా. భూకంపం వచ్చిందని యంత్రం లేని రోజుల్లో మన పెద్దలకు ఎవరు చెప్పారు? గోడలు చెప్పాయి. గోడ అబద్ధం చెప్పదు."

అంతే, పగుళ్ల నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. ఎర్రబండలో ప్రతి ఇంటికీ పరీక్షవల్ల పగుళ్లు ఏర్పడ్డాయని ధ్రువీకరించి, యజమానులకు నష్టపరిహారం ఇచ్చి, ప్రపంచానికి చూపించాలని నిర్ణయించారు. మళ్లీ మైకు బండి వచ్చింది. తమ ఇంట్లో బీట లేదని ఎవరైనా అంటే దేశ విజయాన్ని తక్కువ చేసిన నేరం కింద కేసు పెడతామని ఈసారి చెప్పారు. చెప్పిన గొంతు పాతదే.

ఎర్రబండ జనం మొదట తికమకపడ్డారు. సర్పంచి మద్దిలేటి అందరి తరఫునా ఆదిశేషయ్య దగ్గరకొచ్చి, "మొన్న బీటల్లేవని ఫొటోలు తీసుకుంటిరి సార్. ఇప్పుడు ఉండాయని చెప్పమంటాండారు. మేం ఏది చెబితే జైలు తప్పుతాదో అదొకటి చెప్పండి" అని అడిగాడు. ఆదిశేషయ్య ఒక మాత్ర నోట్లో వేసుకుని, ఇప్పుడు ఉన్నాయనే చెప్పాలన్నాడు. నష్టపరిహారం మాట కూడా చెప్పాడు. దాంతో జనానికి అర్థమైంది. పూడ్చిన సిమెంటును ఉలులతో పొడిచి గోకేశారు. గోకడానికి కూలీలను ప్రభుత్వమే పెట్టింది. పూడ్చినవాళ్లే గోకారు, పనితెలిసిన వాళ్లు కదా. రెండు రోజుల్లో ఊళ్లో బీటలన్నీ తిరిగి బయటికొచ్చాయి. కొన్ని ఇళ్లలో మునుపటి కంటే పెద్దవిగా వచ్చాయి.

చిక్కల్లా సుంకులమ్మ ఇంటి దగ్గర వచ్చింది. ఆ ఇంటికి గోకడానికి ఏమీ లేదు.

ఒక్క ఇల్లే కదా వదిలేద్దామని ఆదిశేషయ్య అనుకున్నాడు. ఉపసంఘంలోని నిపుణుడు ఒప్పుకోలేదు. కోన నుంచి వచ్చే అల మొదట తాకేది ఆ ఇంటినే, మొదటి ఇల్లు చెక్కుచెదరకుండా వెనక ఇళ్లు పగిలాయంటే అల ఆ ఇంటి మీదుగా దూకి వచ్చిందనుకోవాలి, భూమిలో అలలు దూకవు అని ఆయన పటం గీసి చూపించాడు. విదేశీయులకు అదొక్కటి చాలు. కాబట్టి మొదటి ఇంట్లో పగులు లభ్యమయ్యేదాకా వెనక ఇళ్ల పగుళ్లను 'తాత్కాలికంగా పగలనివి'గా భావించాలని ఉత్తర్వు వచ్చింది. ఊరందరి నష్టపరిహారం ఆగిపోయింది.

ఆదిశేషయ్య సుంకులమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె బర్రెకు కుడితి పెడుతోంది. ఆయన అరుగు మీద కూర్చున్నాడు గానీ, వచ్చిన పని చెప్పడానికి చాలాసేపు పట్టింది. చివరికి, ఒక మూలన చిన్న బీట వేయించుకుంటే అందరికీ బాగుంటుందని నెమ్మదిగా అన్నాడు. తర్వాత ప్రభుత్వమే పూడ్పిస్తుందన్నాడు. పూడ్చడంలో మాకు అనుభవం ఉందన్నాడు.

ఆమె కుండ కింద పెట్టి చేతులు కడుక్కుని వచ్చింది. ఆయనకు కొంచెం దూరంగా కూర్చుంది.

"నాకు తొమ్మిదేండ్లప్పుడు, సార్, మాది మట్టిమిద్దె. వానలు పట్టుకున్నాయి. గోడకు బీట లేస్తే మా నాయన పేడతో మెత్తినాడు. దాని పక్కనే మేమిద్దరం పండుకుంటాంటిమి, నేనూ మా చెల్లీ. దానికి గోడవైపు ఇష్టం. వెచ్చగుంటాదని." ఆమె చెంగుతో చెయ్యి తుడుచుకుంది. "గోడ పడినాక నన్ను లాగినారు. దాన్ని తవ్వి తీసినారు."

ఆదిశేషయ్య గోడవైపు తిరిగి చూశాడు.

"ఈ ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ నవ్వినాడు, ఇంత పునాది కోటకు తవ్వుతారు గానీ ఇంటికి తవ్వరమ్మా అని. నేను తవ్వమంటి. నాకు మంచి నిద్ర పట్టేది ఈ గోడ పక్కనే సార్. దీనికి బీట నేను ఎట్ల పెట్టించుకునేది?"

ఆయన మజ్జిగ కూడా తాగకుండా లేచి వచ్చేశాడు. ఆ ఇంటి యజమానురాలు సమ్మతించలేదు, కారణాలు సమంజసంగా ఉన్నాయి అని పైకి రాశాడు. ఆయన సర్వీసులో ఒక కారణాన్ని సమంజసమని పైవాళ్లకు రాయడం అదే మొదటిసారి. దానికి ఆయనకు సంజాయిషీ నోటీసు వచ్చింది. సమంజసం అనే పదాన్ని వాడే అధికారం ఏ స్థాయి నుంచి మొదలవుతుందో అందులో వివరంగా ఉంది.

నోటీసుతోపాటు ఒక చిత్రకారుణ్ణి కూడా పంపారు. సినిమా సెట్టింగులకు రంగులేసే మనిషి, పగుళ్లు వేయడంలో ఘనుడు. సుంకులమ్మ పాలు పోయడానికి వెళ్లినప్పుడు అతను ఆమె ముందుగోడ మీద పైనుంచి కిందిదాకా ఒక బీట గీశాడు. అంచులు రాలినట్టూ, లోపల చీకటి ఉన్నట్టూ వేశాడు. దాన్ని చూసిన నిపుణుడు చేయి పెట్టబోయి, వేలు గోడకు తగిలి ఉలిక్కిపడ్డాడు. మన దేశంలో ఇంత సహజమైన పగులు తాను చూడలేదని మెచ్చుకున్నాడు. ఫొటోలు తీసి విదేశాలకు పంపారు. విదేశీయులు ఫొటోలతో తృప్తిపడక, మేమే వచ్చి చూస్తామన్నారు. ఆ జవాబు రాకముందే, బీట గీసిన పూటే సుంకులమ్మ పాల క్యాన్లతో తిరిగొచ్చి, గోడను చూసి క్యాన్లు కింద పెట్టేసి, దగ్గరకెళ్లి గోరుతో గీరి, తర్వాత రెండు బిందెల నీళ్లూ కొబ్బరిపీచూ పెట్టి శుభ్రంగా కడిగేసింది. జాతీయ సాక్ష్యాన్ని కడిగినందుకు ఆమె మీద కేసు పెట్టారు. నేరానికి ఉపయోగించిన వస్తువులుగా బిందెలు పట్టుకుపోయారు.

కేసుకు ఆమె భయపడలేదు. ఊరిని మాత్రం తట్టుకోలేకపోయింది. మొదట పాలు పోయించుకోవడం ఒక్కొక్కరే మానేశారు. తర్వాత కొళాయి దగ్గర ఆమె వస్తే మాటలు ఆపేసేవాళ్లు. ఆమె కోసం ఊరంతా నష్టపోవాలా అని ఎదురుగా ఎవరూ అనలేదు గానీ, ఆమెకు వినపడేంత దూరంలో అన్నారు. చివరికి మద్దిలేటి ఒక పొద్దున ఆమె ఇంటికొచ్చాడు. వరసకు అతను ఆమెకు అన్న అవుతాడు. చాలాసేపు బర్రెల గురించీ గడ్డి గురించీ మాట్లాడాడు. లేచి పోయేముందు అసలు సంగతి చెప్పాడు. అతని భార్యకు కిడ్నీలో రాయి ఉంది, ఆపరేషన్ కావాలి. ఆ పరిహారం వస్తుందన్న ధైర్యంతో ఆస్పత్రిలో ఆపరేషన్‌కు రోజు ఖాయం చేసి వచ్చాడు.

"నువ్వు చెయ్యమని నేను అడగడంల్యా సుంకులా. నాకు వచ్చిన తిప్పలు చెప్పుకుంటాండా, అంతే."

ఆమె ఆ రోజంతా గోడను చూస్తూ కూర్చుందని పక్కింటివాళ్లు చెప్పారు. మర్నాడు మండలాఫీసుకు నడిచి వెళ్లి, ఆదిశేషయ్య బల్ల ముందు నిలబడింది.

"ఒక్క బీట సార్. దొడ్డివైపు కాదు, ముందువైపే పెట్టుకోండి, మీకు అదే గదా కావాల్సింది. కానీ ఒక్కటే. ఇల్లు నిలబడాల. మీరు మాటిస్తే ఒప్పుకుంటా. వాళ్లు గాదు, మీరు."

ఆదిశేషయ్య మాటిచ్చాడు. ఆ సమయంలో ఆ మాట నిజమే.

పని మొదలైంది. సుత్తులు పెట్టి కొట్టారు. సుత్తుల పిడులు విరిగాయి. రోడ్డు రోలరును గోడకు ఆనించి అటూ ఇటూ తిప్పారు. ఊళ్లో మిగతా గోడలకు కొత్త బీటలొచ్చాయి, ఈ గోడకు రాలేదు. చివరికి పక్క గుట్టమీది రాళ్ల క్వారీ నుంచి బండలు పేల్చే మందు తూటా ఒకటి తెచ్చి, గోడకు కొంచెం దూరంలో పేల్చితే ఒక మూలన బీట వస్తుందని క్వారీ మేస్త్రీ చెప్పాడు. ఆదిశేషయ్య ఒక తూటాకు అనుమతి కోరుతూ రాశాడు.

ఆ కాగితం పైకి వెళ్లింది. ఆయన పై అధికారి దాన్ని చదివి, ఒకటి సరిపోకపోతే మళ్లీ రాయాల్సి వస్తుందని ముందుజాగ్రత్తగా ఇంకొన్ని కలిపాడు. ఆ అధికారికి పై అధికారి, ఈసారీ పగలకపోతే తన పదోన్నతి ఏం కావాలని ఆలోచించి దాన్ని రెట్టింపు చేశాడు. జిల్లా దాటి రాజధానికి చేరేసరికి ఆ లెక్క తూటాలు దాటి పెట్టెల్లోకి మారింది. మండలిలో వరాహమూర్తి గారు, ఒక దేశం తన సొంత ప్రజల గోడనే పగలగొట్టలేకపోతే శత్రువు గోడను ఎలా పగలగొడుతుందని అడిగారు. దేశగౌరవం కింద ఒక లారీ మంజూరైంది.

లారీ ఊళ్లోకి వచ్చినప్పుడు ఆదిశేషయ్య ఉత్తర్వును రెండుసార్లు చదివాడు. ఫోన్ చేశాడు. అనుమతించిన పరిమాణాన్ని తగ్గించే అధికారం తహసీల్దారుకు లేదని, మిగిల్చితే ఆడిటు అభ్యంతరం వస్తుందని చెప్పారు. ఆయన సుంకులమ్మ దగ్గరకెళ్లి సామాన్లు బయట పెట్టమన్నాడు. ఆమె ఆయన ముఖం చూసింది. బర్రెలను విప్పి, గింజల డబ్బాలూ బట్టల పెట్టే బయటికి మోసుకొచ్చింది. ఆదిశేషయ్య కూడా చొక్కా చేతులు మడిచి రెండు ట్రంకుపెట్టెలు మోశాడు.

ఆ పేలుడు బూడిదకోన పరీక్షలాంటిది కాదు. ఇది నిజంగా పేలింది. మూడూళ్ల అవతల బడిపిల్లలు బల్లల కింద దూరారు. మా మండలాఫీసులో అద్దాలు రాలాయి. పొగ విడిపోయాక చూస్తే సుంకులమ్మ ఇల్లు లేదు. ఆ చోట నల్లరాళ్ల కుప్ప ఉంది. రాళ్లు మాత్రం చాలావరకు పగల్లేదు, ఒకదాన్నొకటి వదిలేశాయి, అంతే.

మొదటి పరీక్ష తర్వాత మా మీద అనుమానంతో పొరుగుదేశం సరిహద్దు పొడవునా సున్నితమైన యంత్రాలు పెట్టి కూర్చుంది. వాటిలో ముళ్లు ఎగిరిపడ్డాయి. ఆ రాత్రే విదేశీ శాస్త్రవేత్తలు తమ అభిప్రాయం మార్చుకున్నారు. మా దేశం రెండో పరీక్ష జరిపిందనీ, ఈసారి తుస్సుమనలేదనీ ఒప్పుకున్నారు. రెండో పరీక్ష జరిగినట్టు మండలికి అప్పుడే తెలిసింది. అయినా తొణక్కుండా, అది ముందుగా అనుకున్న కార్యక్రమంలో భాగమేనని ప్రకటించింది. మళ్లీ లడ్డూలు పంచారు. వరాహమూర్తి గారికి పెద్ద బిరుదు వచ్చింది.

ఎర్రబండలో అందరి పరిహారమూ మంజూరైంది, సుంకులమ్మకు తప్ప. నిబంధన ప్రకారం పరిహారం పగిలిన గోడకు. ఆమెకు గోడ లేదు. పైగా కేసు ఇంకా నడుస్తోంది.

ఆదిశేషయ్య ఆ చోటికి రెండురోజులు వెళ్లలేదు. మూడోరోజు వెళ్లాడు. ఆమె దొడ్లో రేకుల కొట్టం కింద, బర్రెల పక్కన పొయ్యి పెట్టుకుని వంట చేస్తోంది. ఆయన క్షమించమని అడగాలనుకున్నాడు గానీ, అలవాటు లేక మాట రాలేదు. ఆమే చెప్పింది.

"మీరు ఒకటే రాసినారంట గదా సార్. మద్దిలేటన్న చెప్పినాడు." పొయ్యిలోకి పుల్ల తోసి, "మీరు మోసిన పెట్టెలో గాజుసామాను ఒక్కటీ పగల్లేదు" అంది.

ఆయన రాళ్ల కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు మండలి నుంచి ఒకే రోజు రెండు కాగితాలొచ్చాయి. మొదటిది, విదేశీ ప్రతినిధి బృందం ఎర్రబండ సందర్శనకు వస్తోంది గనుక ఆ ఇంటి శిథిలాన్ని జాతీయ సాక్ష్యంగా కాపాడాలని. రెండోది, విశిష్ట అతిథులు వచ్చే చోట ఎక్కడా రాయీరప్పా, చెత్తాచెదారం కనిపించకుండా నేల చదును చేయించాలని. రెండింటి మీదా వరాహమూర్తి గారి సంతకమే ఉంది. ఇలాంటప్పుడు ఆదిశేషయ్య మామూలుగా స్పష్టత కోరుతూ పైకి రాసేవాడు. ఈసారి రాయలేదు. మొదటి కాగితాన్ని సొరుగులో పెట్టి, రెండోదాన్ని తీసుకుని ఎర్రబండకు వెళ్లాడు. మద్దిలేటిని పిలిచి, ఆ చోట రాళ్లు తీయించి నేల చదును చేయించమని పై నుంచి ఉత్తర్వు వచ్చిందన్నాడు. తీసిన రాళ్లు ఎక్కడ వేయాలో ఉత్తర్వులో లేదు గనుక ఎంత దగ్గరగా వేస్తే ప్రభుత్వానికి అంత మంచిదన్నాడు. దొడ్డివైపు చూశాడు.

మద్దిలేటి అర్థం చేసుకున్నాడు. మర్నాడు ఊరు కదిలింది. ఎవరూ పిలవలేదు గానీ ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు వచ్చారు. సుంకులమ్మ ముఖం చూడలేక తలలు వంచుకునే వచ్చి, తలలు వంచుకునే రాళ్లు మోశారు. ఆమె దొడ్లో పునాది ఎక్కడ తవ్వాలో చెప్పింది, ఎంత లోతని అడిగితే బండ తగిలేదాకా అంది. మద్దిలేటి భార్య ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చింది, బరువు ఎత్తకూడదు. ఆమె అందరికీ నీళ్లు మోసింది. బోరుబండి మీదున్న మొగుడు కబురు విని వచ్చాడు, ఎక్కడికీ పోకుండా పని అయ్యేదాకా ఉన్నాడు.

విదేశీ బృందం వచ్చే రోజుకు ఆ ఇల్లున్న చోటంతా అరచేతిలా చదునుగా ఉంది. వరాహమూర్తి గారు కార్లోంచి దిగి, శిథిలం కోసం చూసి, ఖాళీ నేల కనిపించి ఆగిపోయారు. ఆదిశేషయ్య పక్కన నిలబడి, తన ఉద్యోగం ఎంతసేపు ఉంటుందో మనసులో చూసుకుంటున్నాడు. విదేశీయులు కూడా చుట్టూ చూశారు. ఇల్లు ఏదని అడిగారు.

వరాహమూర్తి గారు మామూలు మనిషి కాదు. ఒక్క క్షణమే తడబడ్డారు. తర్వాత ఖాళీ నేల వైపు చేయి చాపారు.

"ఇక్కడే ఉండేది. నల్లరాతి ఇల్లు. ఒక్క రాయి కూడా మిగల్లేదు. ఆవిరైపోయింది. మాది అంత శక్తి అని మేం ఎక్కడా చెప్పుకోలేదు, మా సంస్కారం అలాంటిది."

విదేశీయులు వంగి నేలను చూశారు. ఒకాయన మట్టిని సంచిలో వేసుకున్నాడు. వాళ్లలో వాళ్లు గట్టిగా మాట్లాడుకుని, అనుకున్నదానికంటే బాంబు చాలా పెద్దదని రాసుకున్నారు. వాళ్లతో వచ్చిన పొరుగుదేశపు శాస్త్రవేత్త ముఖం పాలిపోయింది. ఇక తమవాళ్లు కూడా ఇంతకన్నా పెద్దది చేసి, ఇంతకన్నా పెద్ద ఇంటిని ఆవిరి చేయక తప్పదని అతను నీరసంగా అన్నాడు. వరాహమూర్తి గారు అతని భుజం తట్టి, శాంతికి అదే దారి అన్నారు.

ఎండ మండిపోతోంది. నీడ ఎక్కడైనా ఉందా అని ఎవరో అడిగారు. ఉన్న నీడల్లా వెనక దొడ్లో, రెండు వరసలు తక్కువగా లేచిన ఒక కొత్త నల్లరాతి గోడది. అందరూ దాని కిందకు చేరారు. సుంకులమ్మ, ఇంటికొచ్చినవాళ్లు కదా అని, లోటాలతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. విదేశీయుల్లో పెద్దాయన గోడకు వీపు ఆనించి కూర్చుని, హాయిగా ఊపిరి పీల్చి, వేళ్లతో గోడను తట్టి చూశాడు. ఆయన భూకంపాలు చదివిన మనిషి, గోడల గురించి తెలుసు. ఇంత గట్టి గోడ ఈ ప్రాంతంలో తాను ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నాడు. ఆ మాట ఆదిశేషయ్య ఆమెకు తెలుగులో చెప్పాడు.

సుంకులమ్మ ఆ పెద్దాయన లోటాలో ఇంకొంచెం మజ్జిగ పోసింది.

"ఇది ఆవిరైన ఇల్లేనని చెప్పండి సార్" అంది.

పెద్దాయన, ఆమె ఏమంటోందని ఆసక్తిగా అడిగాడు. వరాహమూర్తి గారు లోటా నోటి దగ్గరే ఆపి ఆదిశేషయ్య వైపు చూశారు. ఆదిశేషయ్య ఒక్కసారి సుంకులమ్మను చూశాడు, గోడను చూశాడు.

"ఎండలో వచ్చారు, కాసేపు ఆనుకుని కూర్చోమంటోంది" అని చెప్పాడు. "ఈ గోడ పడదంటోంది."